పేరు ముద్ద

దవాఖాన నర్సమ్మ సాయమ్మ, లీల కింది రెప్పను బొటనవేలితోటి గుంజి చూసింది. రెండో కన్ను గూడ గుంజింది. అత్త కొమురవ్వ పక్కన నిలబడి నర్సమ్మ మొకాన్నే చూస్తున్నది. దవాఖానోళ్లు నోటితోటి చెప్పకముందే మొకంతోటి చెప్తరని ఆమెకు ఎరుకే. మొగడు పోయిన ఏడు చూసింది గసొంటి మొకాన్ని.

"ఇదేందే పిల్లా, రెప్ప పత్తి లెక్కున్నది. ఒంట్ల నెత్తురున్నదా, గంజున్నదా?"

లీల తల వంచుకున్నది. ఏడో నెల నడుస్తున్నది. కడుపు ముందుకొచ్చింది గని, మెడ కింది గుంటల్ల నీళ్లు పోస్తె నిలిచేటట్టున్నయి. గోర్లు తెల్లగ పాలిపోయినయి.

సాయమ్మ వారానికొకసారి గంభీరావుపేటల బస్సెక్కి ఈ వాడకొస్తది. పక్కింటి మొగిలవ్వ అరుగు మీద సంచి పెట్టి కూసున్నదంటె అదే దవాఖాన. నోరు కరుకు. ఆ నోరు లేకపోతె ఎవరూ ఇనరని ఆమెకు తెలుసు.

"ఎర్ర గోళీలిస్త. దొడ్డికి నల్లగ పోతె భయపడకు. గోళీ సగం పనే చేస్తది, కడమ సగం మీ కుండల ఉన్నది. పొద్దుగాల లేవంగనే తైదంబలి తాగు. పగటీలి ఆకుకూర ఉండాలె. తోటకూరో, పొన్నగంటో, మునగాకో, ఏది దొరికితె గది. దాంట్ల నిమ్మకాయ పిండుకుంటె ఒంటికి పట్టుతది. నోరాడుతె పల్లీలు, బెల్లం. దినాం ఒక గుడ్డు. అన్నం తిన్నంక చాయ మాత్రం తాగద్దు. తిన్న సత్తువంత చాయ గుంజుకుంటది."

"చాయ లేకపోతె ఈ పిల్లకు తెల్లారనే తెల్లారది నర్సమ్మా" అన్నది మొగిలవ్వ.

"తెల్లారకపోతె ఇంకింత సేపు పండుకోమను. నిద్రగూడ మందే."

"మా కాలంల కడుపుతోటున్నోళ్లకు నోరు కట్టుకొమ్మనేటోళ్లమ్మా. ఎక్కువ తింటె పిల్ల పెద్దగై కాన్పు కష్టమైతదని."

"పిల్ల పెద్దగైతె కాన్పు కష్టమైతదేమో. నెత్తురు లేకుంటె కష్టపడనీకె తల్లే ఉండది." సాయమ్మ లీల దిక్కు తిరిగింది. "దినమంత బీడీల చాట ముందటనే కూసుంటవు గద? పొగాకు ఆకలిని తింటది. సాయంత్రమయితె లేచి అటు ఇటు తిరుగు. మనిషి కదిలితెనే కడుపు అడుగుతది. నీళ్ల బిందెలు మాత్రం ఎత్తకు."

లీల లోపలికి పోయినంక సాయమ్మ సంచి సదురుకుంట కొమురవ్వను దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించింది.

"ఇట్లనే ఉంటె నేను కాన్పు ముట్టను కొమురవ్వా. సిరిసిల్ల తీస్కపోవాలె. రాత్రిపూట నొప్పులొస్తె ఈ దినాలల్ల ఏ బండి నడుస్తది చెప్పు? రోడ్డు మీద దీపం కనబడితె పోలీసోళ్లు కాలుస్తరు. ఈమె ఒంట్ల ఉన్న నెత్తురే తక్కువ. కాన్పుల జెర ఎక్కువ పోయిందంటె దీపం మలిగినట్టు మలుగుతది. నెత్తురెక్కియ్యాలె కాన్పు లోపల్నే. దానికి నీ గంటె ఒక్కటే అడ్డం పడాలె."

కొమురవ్వ ఊకొట్టింది. ఆమెకు మాట తక్కువ. సాయమ్మ చెప్పిందంత మనసుల ఒకసారి అప్పజెప్పుకున్నది. అంబలి, ఆకు, నిమ్మకాయ, పల్లి, గుడ్డు. ఏదీ రాజుల తిండి కాదు. ఎప్పటి దినాలైతె వాడల ఏ ఇంట్లనైన దొరికేటియే.

గని అవి ఎప్పటి దినాలు కావు.

బడిల పిల్లలు లేరు, పోలీసోళ్లున్నరు. ఇసుక బస్తాలు పేర్చి క్యాంపు పెట్టిన్రు. వచ్చిన దినమే జమేదారు వాడోళ్లను కూసుండబెట్టి చెప్పిండు. ఇంట్ల ఎందరుంటె అందరికే పొయ్యి మీద కుండ. ఎక్కువ వండిన అన్నం అడివిల అన్నలకు వండినట్టే. పొద్దుగూకినంక ఏ కప్పుల నుంచి పొగ లేవద్దు. చేన్లకు పోయేటోళ్ల సద్ది గిన్నెలను ఊరి బయట మూతలు తీసి చూస్తున్నరు. ఒకరి సద్దిల రొట్టెలు ఎక్కువున్నయని పొద్దంత ఎండల నిలబెట్టిన్రు. కోమటాయనకు గూడ హుకుమైంది. ఎవరు ఎక్కువ పల్లీలు కొన్నా, ఎక్కువ బెల్లం కొన్నా క్యాంపుల చెప్పాలె.

కొమురవ్వ ఇంటి మీద కన్ను ఇంకింత ఎక్కువ. ఆమె కొడుకు దేవయ్య అన్నలల్ల కలిసిపోయిండు. లీలకు వాంతులు మొదలైన దినాలల్లనే పోయిండు. కడుపు సంగతి ఎరికై పోయిండో, ఎరుక లేక పోయిండో లీల ఎవరికీ చెప్పలేదు. కూలి పనులు గూడ లేవు. మాధవరావు దొర ఊరిడిసి జగిత్యాలల కిరాయింట్ల ఉంటున్నడు. ఆయన చేన్ల ఎర్రజెండాలు పాతి ఉన్నయి. దున్నద్దని అన్నలు, దున్నుండ్రని పోలీసోళ్లు. నడుమ చెలక పడావు పడ్డది. అత్తాకోడండ్లకు బీడీలే దిక్కు.

తొలి కాన్పు తల్లిగారింట్ల కావాలె. లీలది కోరుట్ల దిక్కు. తల్లి లేదు, అన్న ఉన్నడు. ఆ అన్న బస్సు కండక్టరుతోటి మాట పంపిండు. చెల్లెను ఆడనే ఉంచుండ్రి, ఈడికి పోలీసులస్తె మా పిల్లలు భయపడ్తరు అని. ఆ మాట విన్నంక లీల తల్లిగారి పేరు ఎత్తలేదు.

సాయమ్మ పోయిన తెల్లారి నుంచే కొమురవ్వ పడావు చెలకల వెంబడి పడ్డది. దున్నని చేన్ల కూరాకుకు కొదువ లేదు. ఒళ్లె వేసుకొచ్చి, ఏరి, ఉడకబెట్టి, నిమ్మకాయ పిండి పెట్టింది. తైదలు ఇసురుకొని అంబలి కాసింది. మొగిలవ్వ దొడ్ల మునగచెట్టు కింది కొమ్మలు బోడయినయి.

"మేకగూడ గింత తినదక్కా" అన్నది మొగిలవ్వ. "రేపు నీ మనుమడు అరుసుడు గాదు, మే మే అంటడు."

లీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. చానా దినాలకు నవ్వింది.

సాయంత్రం నడుసుడు ఒక తిప్పలయింది. వాడ దాటి పోతె ఎటు పోతున్నవంటరు. అందుకని లీల తమ వాకిట్ల నుంచి మొగిలవ్వ వాకిట్లకు, ఆడి నుంచి మళ్ల ఇంటికి, నడుం మీద చెయ్యేసుకొని తిరిగేది. ఆడోళ్లు అరుగుల మీద బీడీలు చుట్టుకుంట, "పిల్లా, ఎంత దూరమొచ్చినవ్? సిరిసిల్ల దాటినవా?" అని ఎక్కిరించేటోళ్లు.

గుడ్డు కోసం ఇంట్ల ఒక నల్లపెట్ట ఉండె. క్యాంపోళ్లు ఒకనాడు వాడల తిరిగి దొరికిన కోళ్లను దొరికినట్టు పట్టుకపోయిన్రు. గంప కింద దాచిన నల్లపెట్ట కొక్కొక్కోమని తనే పట్టిచ్చుకున్నది. ఇంక కొనుక్కునుడే. ఒక్క ఇంటోళ్లు దినాం గుడ్డు కొంటె మాట క్యాంపుకు పోతది. మొగిలవ్వ ఉపాయం చెప్పింది. వాడల ఆడోళ్లు వంతు పెట్టుకొని తలా ఒక గుడ్డు కొని, తునికాకు కట్టల నడుమ పెట్టి చాటల తెచ్చేటోళ్లు. గుడ్డు పొగాకు వాసనొచ్చేది. లీల ముక్కు మూసుకొని తినేది.

ఇంత జేసినా ఒక పద్ధతి మాత్రం కొమురవ్వ మార్చలేదు. మార్చాలని తోచనే లేదు.

ఆ వాడ మగోళ్లు వెనుకటి నుంచి బొంబాయికి, భీవండికి, సాంచెల మీద బట్ట నేసే పనికి పోయేటోళ్లు. పోయినోని తల్లి అన్నం వార్చంగనే మొదటి గంటె వాని పేరు మీద గిన్నెల తీసి ఉట్టి మీద పెట్టేది. దాన్ని పేరు ముద్ద అంటరు. ఇంట్ల గిన్నె నిండితె, వాడు ఏ దేశంల ఉన్నా వాని ముందటి కంచం ఖాళీగుండదని నమ్మకం. తెల్లారి ఆ ముద్దను పారెయ్యద్దు. ఇంకెవ్వరు ముట్టద్దు. కన్నతల్లే తినాలె. వాడు ఇంటికొచ్చి తన చేతితోటి తినేదాక గంతే.

దేవయ్య బొంబాయి పోలేదు, అడివికి పోయిండు. అడివిల ఆకలి ఎక్కువని కొమురవ్వ గిన్నెను నిండుగ నింపేది. ఇంట్లకు కూర వస్తె కూర పెట్టింది. పల్లీలు వస్తె పిడికెడు పల్లీలు పెట్టింది. గుడ్డొస్తె లీలే ముందుబడి సగం తుంచి పెట్టింది. పచ్చసొన ఉన్న సగమే పెట్టేది. దేవయ్యకు పచ్చసొన అంటె పాణం.

నా కొడుకుకు మంచి పెండ్లామే దొరికిందని కొమురవ్వ లోపల లోపల సంబురపడ్డది. తెల్లారి గిన్నె దించి, కండ్లకద్దుకొని, మెతుకు మిగల్చకుంట తిన్నది.

సాయమ్మ మళ్ల వచ్చి రెప్ప గుంజింది. మొదాల చూసినప్పుడు ఎంత తెల్లగున్నదో గంతే తెల్లగున్నది.

"ఏం పెడుతున్నవ్ కొమురవ్వా?"

"నువ్వు చెప్పినయన్నీ పెడుతున్న. పోశమ్మ తోడు."

"పెడితె ఏడికి పోయినయి? కోడలు ఎండుకపోతున్నది, నువ్వు మాత్రం నిగనిగలాడుతున్నవ్." సాయమ్మ నవ్వులాటకే కొమురవ్వ గదుమ పట్టుకొని ఆమె రెప్ప గుంజింది. "చూసినవా మొగిలవ్వా, అత్త రెప్ప దానిమ్మ గింజ లెక్కున్నది. ఈ వయసుల ఈమె కనేటట్టున్నది!"

మొగిలవ్వ పకపక నవ్వింది. కొమురవ్వ నవ్వలేదు. అరుగు అంచు పట్టుకొని నిలబడ్డది. ఉట్టి మీది గిన్నె, సగం గుడ్డు, పచ్చసొన, తెల్లారి కండ్లకద్దుకొని తిన్న ముద్ద ఒక్కొక్కటే కండ్ల ముందటికొచ్చినయి. కోడలి ఒంట్లెకు పోవాల్సిన నెత్తురు తన ఒంట్లె తిరుగుతున్నది.

"కాన్పుకు ఇంక రెండు నెలలు గూడ లేదు" అన్నది సాయమ్మ, నవ్వు ఆపి. "ఏం జేస్తవో నీ ఇష్టం."

ఆ పొద్దు కొమురవ్వ ఉట్టి గిన్నెల పిడికెడు మెతుకులే వేసి మూతపెట్టింది. లీల లేచి మూత తీసి చూసింది. తన కంచం ముందటికి నూకింది.

"ఆయన ముద్ద ఎందుకు తక్కువ జేసినవ్ అత్తా?"

"నర్సమ్మ ఏమన్నదో ఇన్నవ్ గద బిడ్డా."

"నర్సమ్మకు ఏమెరుక? ఆయనకు నిండుగ పెడితెనే నాకు గొంతు దిగుతది."

"నీ కడుపుల ఉన్నది గూడ వానిదే గదనే."

"ఇది నా దగ్గరనే ఉన్నది. ఆయన ఏడున్నడు?"

లీల ఆ పూట ముట్టలేదు. తెల్లారి అంబలి గూడ ముట్టలేదు. సాయంత్రం కొమురవ్వ గిన్నె నిండ పెడితెనే ఇన్ని మెతుకులు కొరికింది. గుడ్డు సగం తుంచి గిన్నెల పెట్టుడు మాత్రం మానలేదు.

కొమురవ్వకు ఎటు చూసినా దారి కనబడలేదు. గిన్నె నింపితె కోడలు పోతది. గిన్నె ఆపితె కొడుకు పస్తుంటడు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుందామని కండ్లు మూసుకున్నది. ఎవరి పాణం ముందు అడగాల్నో తెలువక కండ్లు తెరిచింది.

పొద్దు వాలుతుండంగ ఒకనాడు జమేదారు ఇంట్లకే వచ్చిండు. ఎన్క ఇద్దరు జవాన్లు. వాళ్లల్ల ఒకడు కోరుట్ల దిక్కోడు, మీసాలు సరిగ రానోడు. జమేదారు ఈ దిక్కోడు కాదు. అన్నం కుండల గంటె పెట్టి తిప్పి చూసిండు. కంచాలు చూసిండు. తల పైకెత్తంగనే ఉట్టి కనబడ్డది.

గిన్నె దించి మూత తీసిండు. అన్నం, పొన్నగంటికూర, సగం గుడ్డు.

"ఇంట్లో ఇద్దరు ఆడోళ్లు. ఈ మూడో కంచం ఎవరిదమ్మా?"

కొమురవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. పేరు ముద్ద అని, అత్తగారి కాలం నాటి పద్ధతని, పొద్దుగాల తనే తింటదని. జమేదారు చివరిదాక విన్నడు. తర్వాత నవ్విండు.

"కొడుకు అడవిలో ఉంటే కడుపు ఇక్కడ నిండుతుందా? నన్ను చిన్నపిల్లాడ్ని చేస్తున్నావా ముసలమ్మా? రాత్రికి గిన్నె నిండుగా ఉంటుంది, పొద్దున్నే ఖాళీ. వాడు వచ్చి తిని పోతున్నాడు."

కోరుట్ల జవాను నేల చూసిండు. వాని తల్లి గూడ వాని పేరు మీద ఉట్టి మీద పెడుతుండచ్చు. గని నోరు తెరవలేదు.

"ఈ అమ్మాయిని క్యాంపుకి నడిపించండి" అన్నడు జమేదారు. "పెళ్లాం అక్కడుంటే వాడే వస్తాడు."

కొమురవ్వ కాళ్ల మీద పడ్డది. బూట్ల మట్టి మొకానికంటింది.

"బాంచెన్ సారూ, గా గిన్నె గూడ ఆమెదే! కడుపుతోటున్నది. ఇద్దరి తిండి తినుమన్నది నర్సమ్మ. ఒక్కసారి దిగదని రెండో ముద్ద తీసి పెట్టిన."

"ఇందాక వేరే కథ చెప్పావే?"

"భయానికి నోటికేదస్తె గదన్న సారూ."

జమేదారు గిన్నెను నేల మీద పెట్టి కాలితోటి లీల ముందటికి జరిపిండు. "సరే. అయితే తినమను. నా ముందు, ఇప్పుడే. మొత్తం."

లీల గోడకు ఒరిగి నిలబడ్డది. గిన్నె దిక్కు చూస్తలేదు. కొమురవ్వ ఆమె చెయ్యి పట్టి కూసుండబెట్టింది. ముద్ద కలిపి నోటి కాడికి తెచ్చింది. లీల పెదవులు బిగపట్టుకున్నది.

"తిను బిడ్డా."

"కన్నోళ్లే తినాలె గద అత్తా" అన్నది లీల, పెదవులు కదిలీ కదలనట్టు. "నేను తింటె ఆయనకు..."

కొమురవ్వ ఆమె చెవి కాడికి వంగింది. "నేను మోసుడు ఎన్నడో అయిపోయింది. ఇయ్యాల వాన్ని మోసేది నువ్వు. కన్నోళ్లంటె ఇంక నువ్వే. నోరు తెరువు, నీ కాళ్లు మొక్కుత."

అత్త కోడలి కాళ్లు మొక్కుతననుడు ఆ వాడల ఎవరూ వినలేదు. లీల నోరు తెరిచింది. కండ్ల నుంచి నీళ్లు కారి ముద్దల పడ్డయి. కొమురవ్వ ఆపకుంట పెట్టింది. అన్నం, కూర, ఆఖరికి పచ్చసొన. జమేదారు తలుపుకు ఒరిగి ఆఖరి మెతుకు దాక చూసిండు.

"రేపట్నుంచి రోజూ ఇదే టైముకి మనిషొస్తాడు. ఇద్దరికి వండాలి, ఇద్దరూ తినాలి. ఉట్టి మీద మెతుకు కనబడిందో, ఇద్దరూ క్యాంపులోనే ఉంటారు."

వాళ్లు వాకిలి దాటంగనే లీల నోరు పట్టుకొని దొడ్లెకు ఉరికింది. కొమురవ్వ ఎనుకనే ఉరికి, వీపు మీద చెయ్యేసి అదిమి పట్టుకున్నది.

"కక్కకు బిడ్డా. మింగు. కక్కకు."

లీల మింగింది. చాన సేపు రొప్పింది. తర్వాత అన్నది, "ఇయ్యాల్టి సంది ఆయన కంచం ఖాళీ."

ఆ మాట అన్నంక ఆమె అత్తతోటి మాట్లాడుడు బంద్ జేసింది.

దినాం పొద్దు వాలంగనే కోరుట్ల జవాను వచ్చి కడప కాడ తుపాకి ఒళ్లె పెట్టుకొని కూసునేటోడు. లీల తినేది. అడిగి పెట్టిచ్చుకున్నట్టు కాదు, శిక్ష తిన్నట్టు తినేది. ఆకుకూర మొత్తం, గుడ్డు మొత్తం, నిమ్మకాయ పిండిన పులుసు మొత్తం. జవాను ఆమె మొకం చూడలేక వాకిట్లెకు తిరిగి కూసునేటోడు.

"రాజుల ఇండ్లల్ల గూడ కోడండ్లకు గింత మర్యాద ఉండదే" అన్నది మొగిలవ్వ. "తుపాకి పట్టుకొని తినిపిస్తున్నరు." లీల నవ్వలేదు. కొమురవ్వ కూడ నవ్వలేదు.

ఉట్టి ఖాళీగ ఊగుతుంటె కొమురవ్వ దాని దిక్కు చూడకుంట పని చేసుకునేది. అన్నం వార్చంగనే చెయ్యి అలవాటుగ మొదటి గంటెను పక్కకు తీసేది. మళ్ల కోడలి కంచంలనే కుమ్మరించేది. అట్ల కుమ్మరించినప్పుడల్ల, ఏ బండ మీదనో ఖాళీ చేతులతోటి కూసున్న దేవయ్య కండ్లల్ల మెదిలేటోడు. తను గూడ పొద్దుగాల ఇంక సద్ది తినలేదు. జొన్న గటుక ఇంత తాగి చెలకలకు పోయేది.

సాయమ్మ వచ్చింది. రెప్ప గుంజి చూసి, వెలుతురుకు తిప్పి మళ్ల చూసింది.

"ఎక్కింది. చాలినంత ఎక్కలేదు గని ఎక్కింది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మకం లేకుండె, ఇప్పుడున్నది. ఇట్లనే పెట్టు. నడుమల రెండు పూటలు కడుపు మాడినా పోతది మళ్ల. ఈ దినాలల్ల మనసుకు ఏం తాకనియ్యకు. మనసు పాడైతె ఆకలి చస్తది."

కొమురవ్వ లీల గోర్ల దిక్కు చూసింది. కొసల కాడ సన్నగ ఎరుపు కనబడ్డది.

ఆ వారం దాటకముందే, పగటీలి, మొగిలవ్వ కొంగు జారిపోతుంటె ఉరికొచ్చింది. కొమురవ్వ వాకిట్ల తునికాకు తడుపుతున్నది. లీల లోపల చాట ముందట ఉన్నది.

"అక్కా, ఎన్‌కౌంటరయిందట. మానేరు అవతలి గుట్టలల్ల. శవాలను సిరిసిల్ల దవాఖానకు తెచ్చిన్రట. మనూరి పిలగాడు ఒకడున్నడంటున్నరు."

"ఏ పిలగాడు?"

"పేరు తెల్వదట. రాజవ్వ బస్సుకాడికి ఉరికింది. నువ్వు గూడ రా, బస్సు పోతది."

ఊరి నుంచి అన్నలల్ల కలిసినోళ్లు ఇద్దరే. రాజవ్వ కొడుకు, దేవయ్య.

కొమురవ్వ తడి ఆకు కట్ట కింద పెట్టింది. లేవబోయింది. మోకాళ్ల మీద ఆగిపోయింది. లోపల కత్తెర చప్పుడు వినబడుతున్నది. లీల ఆకు కత్తిరిస్తున్నది. తను బస్సెక్కితె ఎందుకెక్కిందో లీల అడుగుతది. అడిగితె తెలుస్తది. తెలిస్తె ఆ నోరు ఇంక తెరుచుకోదు. ఏ తుపాకి తెరిపియ్యలేదు.

"నేను రాను."

"అక్కా! కొడుకేమోనే!"

"మెల్లగ." కొమురవ్వ మొగిలవ్వ చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "నువ్వు పో. పోయి చూడు. వాడు కాకపోతె వాడ మొదల్నుంచే కేకెయ్యి. గట్టిగ కేకెయ్యి, ఎవరేమనుకున్నా సరే."

"వాడైతె?"

"వాడైతె నాకు చెప్పకు. కాన్పయ్యేదాక చెప్పకు."

"మరి మట్టి? కన్నతల్లివి, ఆఖరి చూపన్న..."

"మట్టి ఎవరో ఒకరు పెడ్తరు. ముద్ద నేనే పెట్టాలె."

మొగిలవ్వ కొంగు నడుముకు చెక్కుకొని పోయింది.

"ఎవరత్తా?" అన్నది లోపలి నుంచి లీల. మాట్లాడుడు బంద్ జేసినంక అదే మొదటి మాట.

"రాజవ్వ అన్నకు పాణం బాగలేదట. సిరిసిల్ల పోతున్నరు."

కత్తెర చప్పుడు మళ్ల మొదలైంది.

ఆ పగలు ఎట్ల గడిచిందో కొమురవ్వకు తెలువదు. చెలకకు పోయి కూరాకు తెచ్చింది. ఏరుతుంటె గడ్డిని గిన్నెల వేసి, ఆకును పారేసుకుంది. మళ్ల ఏరింది. బియ్యం కడిగింది. నీళ్లు పోసుడు మర్చి పొయ్యి అంటిచ్చింది. బస్సు పోయిన దిక్కు చూడద్దనుకున్నది. చూసుకుంటనే వండింది.

పొద్దు వాలింది. జవాను రాలేదు. క్యాంపోళ్లందరు శవాల కాడికి పోయినట్టున్నరు. కడప ఖాళీ. ఇయ్యాల లీల తినకపోతె తినమనేటోడు లేడు.

కొమురవ్వ కంచం పెట్టింది. అన్నం, తోటకూర, గుడ్డు.

"పోలీసాయన రాలేదేంది?" అన్నది లీల.

"ఏమో బిడ్డా. తిను."

లీల కంచం దిక్కు చూసింది. లీల కూర కలుపుకున్నది. ముద్ద నోట్లె పెట్టుకున్నది. ఇంకోటి. ఎవరూ కావలి లేకుంటనే తినుకుంట పోతున్నది.

ఊరి బయట బస్సు ఆగిన చప్పుడయింది.

కొమురవ్వ చెవులన్నీ వాడ మొదటికే పెట్టింది. కేక వస్తదని. ఇప్పుడొస్తదని. కుక్క మొరిగింది. ఎవరో బిందె దించిన్రు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది, మెల్లగ. మొగిలవ్వ వాకిట్ల నిలబడ్డది. కేక లేదు. వచ్చి కడప మీద కూసున్నది. జవాను కూసునే జాగల. మోకాళ్లు దగ్గరికి తీసుకొని, లీల తినుడు చూసుకుంట కూసున్నది.

"ఎట్లున్నది చిన్నమ్మా, రాజవ్వ అన్నకు?" అన్నది లీల.

మొగిలవ్వ కొంగు సదురుకున్నది. "ఏం కాలేదు బిడ్డా. నువ్వు తిను."

కొమురవ్వ తల ఎత్తలేదు. గంటె పట్టుకున్న చెయ్యి కుండ అంచుకు ఆనించింది.

"అత్తా" అన్నది లీల, వేళ్లు నాకుకుంట. సిగ్గుపడ్డట్టు కంచం ముందటికి జరిపింది. "ఇంకింత పెట్టు. ఇయ్యాల ఎందుకో ఆకలైతున్నది."

కుండల తన వంతు అన్నమున్నది. కొమురవ్వ అదంత కోడలి కంచంలకు దేవింది.